మూడు ఎర్ర చుక్కలు

మా హాల్లో టీవీ కింది బల్ల మీద ఇప్పుడు నాలుగు గేమ్ డబ్బాలున్నాయి. మా అమ్మాయి హారిక ఒక్కొక్కటే తెచ్చి చేర్చింది. చదువైపోయి, ఏలూరు పక్కన వట్లూరులో మా ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటోంది. ఒక డబ్బా సరికొత్తది, తెల్లగా నిలబెట్టిన పుస్తకంలా ఉంటుంది. ఇంకోటి చేతిలో పట్టుకుని మంచం మీద దొర్లుతూ కూడా ఆడుకునేది. మిగిలిన రెండూ ఎవరో వాడి వదిలేసిన పాతవి, పార్సిల్లో తెప్పించింది. అన్నిటి వైర్లూ ఒక చిన్న స్విచ్ పెట్టెలోకి పోతాయి, అందులోంచి ఒకే ఒక్క వైరు టీవీలోకి. బొత్తాం నొక్కితే ఒక డబ్బా పోయి ఇంకో డబ్బా వస్తుంది. ప్రతి అడాప్టరుకూ తెల్ల కాగితం అంటించి ఏది దేనిదో రాసిపెట్టింది. ఆ ఒక్క పనే నాకు నచ్చింది. మిగతాదంతా నాకు అనుమానమే. కొత్తదానికి నీలం దీపం ఒకటుంది, ఆపేసినా ఆరదు. ఆపేసిన వస్తువుకు దీపమెందుకని అడిగితే "అది నిద్రపోతోందమ్మా" అంటుంది. కళ్ళు తెరుచుకుని నిద్రపోయేవాళ్ళను నేను బస్సుల్లో చాలామందిని చూశాను. వాళ్ళు నిద్రపోరు, పక్కవాళ్ళ మాటలు వింటుంటారు. అందుకని హారిక బయటికెళ్ళినప్పుడల్లా దాని మీద తువ్వాలు కప్పుతాను. అది తిరిగొచ్చి తువ్వాలు తీసేసి, "వేడెక్కి పాడైపోతుందమ్మా, అచ్చం మీ మామ్మవి నువ్వు" అని విసుక్కుంటుంది.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ, "అటక మీద నీ చిన్నప్పటి టీవీ గేమ్ ఉందిగా, దింపవా, దాన్ని కూడా వీటితో కలిపేస్తాను" అంది. "అది ఉందని నీకెవరు చెప్పారు?" అన్నాను. "నువ్వేనమ్మా, వేసవిలో ఆవకాయ జాడీలు దింపుతూ చెప్పావు." ఎందుకు కావాలో రెండుసార్లు అడిగాను. పాతవాటికి ఇప్పుడు మంచి గిరాకీ ఉందని తనే ఒకసారి చెప్పింది కాబట్టి, కలపడం పేరు చెప్పి అమ్మేస్తుందేమోనని కూడా అనుకున్నాను. నిజానికి నా భయం అది కాదు. ఆ డబ్బా కారణంగా ఒక మంచి పనివాడు దొంగ అనిపించుకుని ఊరు వదిలి వెళ్ళాడు. అందులో నా పాలెంతో మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఆ సంగతి డబ్బాతో పాటే కిందికి దిగుతుందని నా భయం.

దాని గురించి చెప్పాలంటే ముందు మా మామ్మ గురించి చెప్పాలి. నాన్నగారి అమ్మ. కొల్లేటి లంకల్లో పుట్టి, ముదినేపల్లి దగ్గర మా ఊరికి కోడలై వచ్చింది. కళ్ళంలో ధాన్యం రాశి పోశాక దాని మీద బూడిదతో గుర్తులు పెట్టేవారు. తెల్లారేసరికి ఆ గుర్తు చెదిరితే ఎవరో చెయ్యి పెట్టినట్టు లెక్క. మా ఇంట్లో ఆ పని మగవాళ్ళది కాదు, మామ్మదే. నా చదువు కోసం మేం ఏలూరు వచ్చి అద్దె ఇంట్లో దిగాక ఆవిడకు రాశులు లేవు, చేతులు ఊరుకోలేదు. ఉప్పు జాడీ మూత కింద దారం పెట్టేది. నెయ్యి గిన్నె మీద చెంచాతో గీత గీసేది. పాలు పోసే ఆయన ముందే పాలల్లో వేలు ముంచి గోటి మీద బొట్టు నిలబెట్టి చూసేది. రిపేరుకు వెళ్ళే ప్రతి వస్తువుకూ, ఫ్యానైనా, మిక్సీ అయినా, నాన్నగారి గడియారమైనా, ఎక్కడో ఒక మూల మా అత్తయ్య వదిలేసి వెళ్ళిన ఎర్ర గోళ్ళరంగు సీసాతో మూడు చుక్కలు పెట్టించేది. చుక్కలు పెట్టడం నా పని. తిరిగొచ్చాక విప్పి చూడ్డం నాన్నగారి పని. వారంలో నాలుగు రోజులు బస్సులో పొలానికి పోయి వచ్చే మనిషి, కాళ్ళు కడుక్కుని కూర్చోకముందే ఆవిడ స్క్రూడ్రైవర్ చేతికిచ్చేది. ఆయన విసుక్కుంటూనే విప్పేవారు. మూడు చుక్కలూ ఎప్పుడూ ఉండేవి. అయినా మామ్మ మొహంలో తేలికపడ్డట్టు కనిపించేది కాదు, ఈసారికి తప్పించుకున్నాడు అన్నట్టుండేది.

రిపేర్లన్నీ మా సందు మొదట్లో ఉన్న కాశింగారి కొట్టుకే వెళ్ళేవి. రేడియోలు, టీవీలు, టేపురికార్డర్లు. వీపులు విప్పుకుని కూర్చున్న టీవీల మధ్య ఆయన మూడుకాళ్ళ పీట మీద కూర్చుని టంకం వేస్తుండేవారు. ఆ కొట్టు వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది: టంకం పొగ, దుమ్ము, మధ్యాహ్నమైతే వెనక ఇంట్లోంచి వచ్చే వేయించిన ఉల్లిపాయ. ఆయనకు రెండు అలవాట్లు. బాగుచేసిన వస్తువును ఒక రోజంతా నడిపించి చూడందే ఇచ్చేవారు కాదు. రెండోది, తీసేసిన పాత ముక్క ఎంత చిన్నదైనా సరే, న్యూస్ పేపర్లో పొట్లం కట్టి వస్తువుతో పాటు ఇచ్చేవారు. "ఇది మీది, మా దగ్గరుండకూడదండి" అనేవారు. మా ఇంట్లో ఒక డబ్బా నిండా ఆ పొట్లాలుండేవి, మామ్మ ఒక్కటీ పారేయనిచ్చేది కాదు.

ఆయన కూతురు నసీమా నా క్లాసే. బడికి కలిసి వెళ్ళి కలిసి వచ్చేవాళ్ళం. ఒకసారి ఆయన బెజవాడ నుంచి సామాను తెచ్చుకుంటూ రెండు టీవీ గేములు తెచ్చారు. ఒకటి నాన్నగారు చెప్పి తెప్పించింది, రెండోది నసీమాకి. రెండూ ఒకేలా ఉండేవి, ఎరుపూ తెలుపూ ప్లాస్టిక్. పైన క్యాసెట్ గుచ్చాలి, యాంటెనా వైరు తీసి దీని వైరు పెట్టాలి, టీవీ పక్కనున్న చిన్న చక్రం తిప్పుతూ పోతే చుక్కల వానలోంచి బొమ్మ తేలేది. మామ్మకు అది మొదటి నుంచీ ఇష్టం లేదు. "టీవీలోకి మనం చూడ్డం చాలక, టీవీ మన చేతులు పట్టుకుని ఆడించడం కూడానా?" అనేది. ఇంకా స్విచ్ వెయ్యకముందే నాన్నగారి చేత విప్పించి, లోపలి బోర్డు పైమూల నా చేత మూడు చుక్కలు పెట్టించింది. పెట్టించి, "ఇది పాడుచేశావో, ఇక ఆ కాశిం ఇంటి గడప తొక్కనివ్వను, బడికి కూడా నాన్నగారితోనే పోవడం" అని తేల్చి చెప్పింది. అంత మాట అన్నాక ఆవిడ దాన్నుంచి తగ్గడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ చుక్కల సంగతి నసీమాకి చెబితే పడీపడీ నవ్వింది. "మా నాన్న మా ఇంట్లోనే దొంగతనం చేస్తారేంటే, నాకెందుకు గుర్తు?" అంది. అని, మర్నాడే వాళ్ళ నాన్న స్క్రూడ్రైవర్ తెచ్చి తన గేమ్ విప్పి నా ముందు పెట్టింది. "పైన పెడితే అందరికీ కనిపిస్తుంది. వెనక పెట్టు, ఎవరికీ తెలియకూడదు" అని బోర్డు తిరగేసి పట్టుకుంది. చుక్కలు మావి కాబట్టి తనకు "న" రాశాను. నవ్వుకుంటూ రాయడంలో కుంచె జారి తలకట్టు పక్కకు సాగిపోయింది. మళ్ళీ మూసేశాం, మర్చిపోయాం. పదేళ్ళ పిల్లల రహస్యాలు ఎన్నాళ్ళు గుర్తుంటాయి?

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం నసీమా తన గేమ్ మా ఇంట్లో పెట్టి, అరబీ పాఠానికని వెళ్ళింది. నాకొక ఆలోచన వచ్చింది. రెండు గేముల వైర్లూ మెలేసి ఒకే టీవీకి కలిపితే, టీవీలో సగం మా గేమ్, సగం వాళ్ళ గేమ్ వస్తుందనుకున్నాను. నసీమా వచ్చేసరికి సిద్ధం చేసి ఆశ్చర్యపరచాలి. తను అడాప్టర్ తేలేదు, మాకున్నది ఒకటే. ఆ ఒక్కటీ తన గేముకిచ్చి, మాదానికి నాన్నగారి టేపురికార్డర్ అడాప్టర్ పెట్టాను. వైరు కొసనున్న పుల్ల సరిగ్గా పట్టింది, పట్టిందంటే సరిపోయినట్టేగా అనుకున్నాను. ఎర్ర దీపం ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. డబ్బా చీలికల్లోంచి సన్నగా పొగ వచ్చింది, ప్లాస్టిక్ కాలిన వాసన. అన్నీ పీకేసి ఎక్కడివక్కడ పెట్టేశాను. పాలు విరగకముందే వాసన పట్టే మామ్మ ఆ రోజు వంటింట్లో కొర్రమీను పులుసు పెడుతోంది. చింతపండు, మెంతి, చేప వాసన ఇల్లంతా నిండి నన్ను కాపాడింది. నసీమా వచ్చాక "మాది ఏంటో రావట్లేదే" అన్నాను, అంతే చెప్పాను. తన గేమ్ తను పట్టుకెళ్ళింది.

మర్నాడు, దానంతటదే ఆగిపోయిందని ఇంట్లో చెప్పి, మాది సంచిలో పెట్టుకుని కాశింగారి కొట్టుకు ఒక్కదాన్నే వెళ్ళాను. ఆయన మూత విప్పి, వాసన చూసి, నా వంక చూశారు. "వేరే అడాప్టర్ పెట్టావా పాపా?" అన్నారు. ఏడ్చేశాను. మామ్మ ఏమందో చెప్పాను. "నసీమాతో ఆడనివ్వరండీ, ఇంట్లో చెప్పకండీ, ఎవరికీ చెప్పకండీ" అన్నాను. ఆయన నవ్వి, మెడలోని తువ్వాలుతో నా మొహం తుడిచి, "చెప్పనులే. ఎవరికీ చెప్పను. చిన్న పనే, బాగైపోతుంది" అన్నారు.

మూడో రోజుకి గేమ్ ఇంటికొచ్చింది. చక్కగా ఆడుతోంది. డబ్బులు వద్దన్నారట. సరిగ్గా అక్కడే మామ్మకు అనుమానం మొదలైంది. "ఊరికే చేశాడా? ఎందుకు చేశాడు ఊరికే?" అని సాయంత్రం నాన్నగారు వచ్చేదాకా వరండాలో గోలపెట్టింది. పైగా పొట్లం లేదు. ఎన్ని వస్తువులు వెళ్ళొచ్చినా పొట్లం రాని వస్తువు ఇదొక్కటే. నాన్నగారు విప్పారు. బోర్డు పైమూల ఖాళీగా ఉంది. మూడు చుక్కలు లేవు. ముగ్గురం వంగి చూశాం. "నువ్వు నీ చేత్తో పెట్టావుగా?" అని నాన్నగారు నన్నడిగారు. పెట్టానన్నాను. "ఇదే మూలనా?" ఇదే మూలనన్నాను. అదంతా నిజమే. నిజం చెబుతున్నానన్న ధైర్యం కూడా ఉంది నాకు.

కాశింగారిని పిలిపించారు. చేతులు తుడుచుకుంటూ వచ్చి వరండా మెట్టు దగ్గర నిలబడ్డారు. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. మామ్మ గొంతు పెంచలేదు, ఆవిడ ఎప్పుడూ పెంచదు. "ఏమయ్యా కాశిం, మా బోర్డు మార్చావా?" అంది.

"మార్చానండి మామ్మగారూ. పాతది కాలిపోయిందండి."

"ఆర్నెల్లు కాలేదు, అదెందుకు కాలిపోయింది?"

ఆయన ఒక్కసారి నా వంక చూశారు. నేను నాన్నగారి కుర్చీ వెనక ఉన్నాను. తేలు కుట్టిన దొంగలా ఇంకాస్త వెనక్కి నక్కాను. ఆయన చూపు తిప్పేసుకుని, "వస్తువన్నాక కాలుతుందండి" అన్నారు.

"మరి కాలిన ముక్క ఏదీ? నీ పొట్లం ఏదయ్యా?"

ఆయన "వస్తానండి" అని వెళ్ళిపోయారు.

నాకు పొగ తెలుసు. కాలిందనీ తెలుసు. అయినా ఆయన మా మంచి సామాను తీసేసి ఏదో నాసిది పెట్టారని ఆ సాయంత్రం నుంచి నేనూ నమ్మడం మొదలుపెట్టాను. "చిన్న పనే" అన్నారుగా, చిన్న పనికి బోర్డంతా ఎందుకు మార్చాలి? ఆయన దొంగైతే నా తప్పు చిన్నదైపోతుంది, అందుకే నమ్మాను. ఇది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, తెలిశాక కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ వారమే నసీమా "మా గేమ్ కూడా పాడైపోయిందే" అంది. నేను ఇంటికొచ్చి అదే మామ్మకు చెప్పాను. "పాడవలేదు, ఏం లేదు. మనది దాన్లో పెట్టుకుని, నువ్వు చూస్తావని దాచేశారు" అంది మామ్మ. ఆ మాట నాకు ఎంతో తెలివైన మాటలా తోచింది. ఆ తర్వాత నేను నసీమాతో బడికి వెళ్ళడం మానేశాను. నన్నెవరూ మానమనలేదు.

మామ్మ వీధిలో చెప్పాల్సినవాళ్ళకు చెప్పింది. ఆ నోటా ఈ నోటా చిలవలు పలవలు చేరాయి. జనం కాశింగారికి రేడియోలు ఇచ్చేముందు సుద్దముక్కలతో గీతలు గీయడం, ఆయన పని చేస్తుంటే ఎదురుగా బెంచీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండా ఆయన కొట్టు మూసేసి తాడేపల్లిగూడెంలో బావమరిది దగ్గరికి వెళ్ళిపోయారు. సామాను బండి ఎక్కించిన రోజు నసీమా మా ఇంటి ముందు నుంచే వెళ్ళింది, మా ఇంటి వైపు చూడలేదు. నేను కిటికీలోంచి చూశాను. ఏలూరు నుంచి గూడెం రైల్లో గంట కూడా పట్టదు. పెళ్ళిళ్ళకనీ, చుట్టాలనీ ఎన్నిసార్లు వెళ్ళానో, ఒక్కసారీ వాళ్ళ కోసం వెతకలేదు.

ఇక ఆ ఆదివారం సంగతి. డబ్బా అటక దిగింది. ఎరుపు వెలిసి గులాబీ రంగైంది, తెలుపు పచ్చబడింది. దాని అడాప్టర్ ఎప్పుడో పోయింది. కొత్తది పెట్టేముందు లోపల చూడాలని హారిక చాప మీద కూర్చుని స్క్రూలు విప్పింది. "ఈ పాతవాటితో జాగ్రత్తమ్మా. మామూలు అడాప్టర్లలో మధ్య పుల్ల ప్లస్, బయట మైనస్. వీటికి తిరగేసి ఉంటుంది. తెలీక వేరేది పెడితే పుల్ల సరిగ్గానే పడుతుంది, లోపల మాత్రం కాలిపోతుంది" అంది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. "కాలిపోతే బాగుచెయ్యలేరా?" అన్నాను. "ఈ నల్ల బొట్టుందే, అసలు చిప్పు దీని కిందే ఉంటుంది. ఇది పోతే విడిగా దొరకదు. ఇలాంటిదే ఇంకో బోర్డు ఎక్కడన్నా ఉంటే తీసి పెట్టడమే" అంటూ, అడాప్టర్ వైర్లు ఎటు పోయాయో చూద్దామని బోర్డు పైకి లేపి తిరగేసింది. "ఇదేంటమ్మా, ఎవరో 'న' రాశారు?"

తలకట్టు పక్కకు సాగిపోయిన "న". ఎర్ర గోళ్ళరంగు కొంచెం నల్లబడింది, అంతే. నా చేతిరాత. ఇలాంటి బోర్డు అప్పుడు ఏలూరు మొత్తమ్మీద కాశింగారికి తెలిసి ఇంకొక్క చోటే ఉంది. తన కూతురి గేములో. అది తీసి మాకు పెట్టారు. కాలిన మా బోర్డు ఎక్కడికి పోయిందో, పొట్లం ఎందుకు రాలేదో కూడా అప్పుడే అర్థమైంది. కాలింది చూపిస్తే ఎక్కడ కాలిందో నాన్నగారు చూసేవారు. టేపురికార్డర్ అడాప్టర్ దాకా వచ్చేవారు, నా దాకా వచ్చేవారు. మేం ముగ్గురం వంగి మా గుర్తు కోసమే చూశాం. బోర్డు తిరగేసి ఇంకెవరి గుర్తన్నా ఉందేమో అని చూడలేదు. ఆ "న" రాసినదాన్ని, కనీసం నాకైనా తోచలేదు. చాప మీద మా అమ్మాయి ముందు ఏడవలేక వంటింట్లోకి వెళ్ళాను. కారణం అడిగితే ఉల్లిపాయలన్నాను. అక్కడ తరిగిన ఉల్లిపాయలేమీ లేవని అది చూసే ఉంటుంది.

కాశింగారి పేరు మాత్రం చెప్పాను, ఈ "న" వాళ్ళమ్మాయిదని చెప్పాను, ఇద్దరం కలిసి వెతుకుదామన్నాను. తర్వాతి ఆదివారం పాసింజర్లో గూడెం బయల్దేరాం. ఒళ్ళో సంచి, సంచిలో డబ్బా. దారంతా హారిక ఫోన్ వేలిముద్రకు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. మామ్మ బతికుంటే ఆ ఫోనును మెచ్చుకునేదేమో అనుకున్నాను. ఇప్పుడు అనుమానించే పని కూడా యంత్రాలే చేస్తున్నాయి, ఎవరివో చెప్పందే డబ్బా తెరుచుకోదు. కానీ వాటి అనుమానానికి ఒక పద్ధతుంది. తప్పు వేలు పెడితే కాదంటాయి, సరైన వేలు పెడితే మారుమాట లేకుండా ఒప్పుకుంటాయి. మా మామ్మ మూడు చుక్కలూ కనబడిన రోజు కూడా ఒప్పుకునేది కాదు, నాకూ ఆ గుణమే వచ్చింది.

ఉల్లిపాయల మార్కెట్ పక్క వీధిలో మిక్సీలు బాగుచేసే కొట్లలో అడిగితే రెండో కొట్టాయన ఇల్లు చూపించారు. నసీమా తలుపు తీసింది. జుట్టు నెరిసింది, కళ్ళజోడు పెట్టుకుంది, మాటలో టీచరు కరుకుదనం వచ్చింది. పేరు చెప్పకముందే గుర్తుపట్టింది. "రండి" అంది. నన్ను 'రండి' అనడం అదే మొదటిసారి. కాఫీ తెస్తానంటూనే నా సంచి వంక చూస్తోంది. వరండాలో కుర్చీలో కాశింగారున్నారు. చూపు బాగా తగ్గింది, వేళ్ళు మాత్రం ఊరికే ఉండవు, ఒక పాత స్విచ్ విప్పుతున్నాయి. నేనెవరో చెబితే, "అరుణపాపా? మామ్మగారు బాగున్నారా?" అన్నారు. పోయి చాలా ఏళ్ళయిందన్నాను. "అయ్యో" అన్నారు, నిజంగానే అన్నారు.

నేను లోపలి గదిలో సంచిలోంచి బోర్డు తీసి, తిరగేసి నసీమాకి చూపించాను. చాలాసేపు చూసింది. "ఇది మాది" అంది.

"మీదే. మీ నాన్నగారు మాకిచ్చేశారు."

ఆమె మంచం మీద కూర్చుండిపోయింది. తండ్రికి వినబడకుండా గొంతు తగ్గించి మాట్లాడింది. "మాది పాడైందన్నారని నేనూ విప్పి చూశాను. లోపల మీ మూడు చుక్కలున్నాయి. మీ మామ్మగారు అన్నది నిజమేనని అప్పుడే అనుకున్నా. మీది తీసి నాకు పెట్టారు, అదీ పనిచెయ్యలేదు అనుకున్నా. నాన్నని అడగలేదు. అడిగితే ఔనంటారేమోనని. ఇన్నాళ్ళూ ఆయనకి అన్నం పెడుతూనే ఉన్నాను, ఆ మాట మాత్రం గొంతులో అలాగే ఉంది."

నా జీవితంలో నన్ను నేను అంతగా అసహ్యించుకున్న క్షణం ఇంకొకటి లేదు. వీధివాళ్ళ అనుమానం గురించే నేను ఇన్నేళ్ళూ బాధపడ్డాను. ఆయన ఇంట్లోనే, ఆయన కూతురి కళ్ళల్లో ఆయన్ని దొంగను చేశానని నాకు తెలియదు.

వరండాలోకి వచ్చాను. హారిక అక్కడే ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని స్విచ్ చూస్తోంది. "ఎందుకు చెప్పలేదండీ ఆ రోజు?" అన్నాను.

ఆయన హారిక వైపు తిరిగారు. "ఈ పాప ఎవరమ్మా?"

"మా అమ్మాయండీ."

"అంటే మీ ఇంటి మనిషే" అని తలూపారు. స్విచ్ స్క్రూ ఒకటి మళ్ళీ బిగించి, "వస్తువన్నాక కాలుతుందండి" అన్నారు.

అదే మాట, అదే నెమ్మది. ఇంట్లో చెప్పకండీ, ఎవరికీ చెప్పకండీ అని పదేళ్ళ పిల్ల అడిగిన మాట మీద ఆ మనిషి ఇంకా నిలబడి ఉన్నాడు. కొట్టు పోయింది, ఊరు పోయింది, కన్నకూతురికి కూడా చెప్పలేదు. గుమ్మంలో నసీమా నిలబడి ఉంది.

"కాదండీ" అన్నాను, ముగ్గురికీ వినబడేలా. "నేనే కాల్చాను. నాన్నగారి టేపురికార్డర్ అడాప్టర్ పెట్టి కాల్చాను. ఎవరికీ చెప్పొద్దని మిమ్మల్ని బతిమాలాను. మిమ్మల్ని అందరూ దొంగంటుంటే కుర్చీ వెనక నిలబడి విన్నాను."

హారిక నా వంక చూసింది. కాశింగారు స్విచ్ పక్కన పెట్టి, "ఇంట్లో చెప్పేశారన్నమాట" అన్నారు.

"చెప్పేశానండీ."

"సరే అయితే." ఆయన గుమ్మం వైపు తిరిగి, "నసీమా, ఆ బీరువా కిందది తీసుకురామ్మా. ఒక న్యూస్ పేపరు కూడా" అన్నారు.

ఆమె తన పాత గేమ్ డబ్బా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టి, ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుంది, మోకాలి మీద చెయ్యి వేసి. ఆయన చూడకుండానే స్క్రూలు తడిమి విప్పారు. బోర్డు బయటికి తీశారు. పైమూల మూడు ఎర్ర చుక్కలు, అడాప్టర్ గుచ్చే చోట నల్లగా కాలిన మచ్చ. వేలితో మచ్చను ఒకసారి తడిమి, న్యూస్ పేపర్లో పెట్టి, నాలుగు వైపులా మడిచి, అప్పట్లాగే పొట్లం కట్టి నా చేతికిచ్చారు.

"ఇది మీదండి. మా దగ్గరుండకూడదు."